పెద్దపిల్లగాడి చేతిలో బెత్తం

తెల్లవారి ఆరు గంటలకే వీధిబడి మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తరవాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కో దెబ్బ పెరుగుతూ పోయేది. పాతికమంది పిల్లలున్న బడిలో అందరికంటే వెనక వచ్చినవాడి అరచేయి ఏమయ్యేదో లెక్క వేసుకోవచ్చు.

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ మద్రాసుకు పంపిన నివేదికలో ఉన్న సంగతి ఇది. అంతకు ముందు ఏడాది గవర్నర్ థామస్ మన్రో ప్రతి జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని లెక్కలు అడిగాడు. క్యాంప్‌బెల్ తేల్చిన లెక్కలో బళ్ళారి జిల్లా బడులు 533, పిల్లలు 6,641 మంది. ఆ బడుల్లో 226 తెలుగు బడులే. శిక్షల గురించి కూడా ఆయన దాచకుండా రాశాడు. చదవనివాడిని కొట్టేవారు, రెండు చేతులూ కట్టి కప్పీ మీదుగా ఇంటి కప్పుకు వేలాడదీసేవారు, లేదంటే ఆపకుండా కూచోబెట్టి లేపేవారు. కోదండం, గుంజీలు అంటే ఏమిటో తెలిసిన తెలుగువాళ్ళకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. జనం దాన్ని అంతగా పట్టించుకోలేదు గాని, ఇవాళ పిల్లల్ని కన్నవాళ్ళకు ముఖ్యమైనది అదే. పంతులు పెద్ద తరగతులనే స్వయంగా చూసుకునేవాడు. చిన్న తరగతుల పిల్లలు చాలావరకు పెద్దపిల్లల అజమాయిషీలో ఉండేవారు. అక్షరాలు దిద్దించేది, అప్పజెప్పించుకునేది పెద్దపిల్లగాడే. బడిలో ఒక పిల్లవాడికి ఇంకో పిల్లవాడి మీద అధికారం ఉండటం మన దగ్గర నిన్న మొన్న పుట్టింది కాదు.

ఈ పద్ధతి సముద్రం కూడా దాటింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడుల్లో పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దడం, ఒకరికొకరు చెప్పుకోవడం చూసి, ఆ తీరును తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చు వేశాడు. అక్కడ జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇలాంటి బడులే నడిపాడు. ఒక్క ఉపాధ్యాయుడితో వందలమందికి చదువు చెప్పొచ్చని, ఖర్చు తక్కువని దొరలు మురిసిపోయారు. లాంకాస్టర్ బెత్తం వద్దన్నాడు గాని, తప్పు చేసిన పిల్లవాడిని బుట్టలో కూచోబెట్టి అందరికీ కనబడేలా కప్పుకు వేలాడదీయించేవాడు. దెబ్బకు బదులు సిగ్గు వచ్చింది. తోటిపిల్లల నవ్వునే శిక్షగా వాడుకున్నారు.

ఇక మన వరంగల్ దగ్గరి నెక్కొండ సంగతి. ఈ ఊరు మన్రో లెక్కల్లో ఉండదు. అది నైజాం రాజ్యం. వరంగల్ నుంచి బెజవాడ దాకా రైలు మార్గం 1889లో పూర్తయినప్పుడు ఆ దారిలో పడిన ఊరు ఇది. స్టేషన్ వచ్చింది, దాని వెంట ధాన్యం, పత్తి, మిరప వ్యాపారం పెరిగింది. ఇవాళ వరంగల్ జిల్లాలో మండల కేంద్రం, నర్సంపేట నియోజకవర్గంలో భాగం. చుట్టూ రెడ్లవాడ, అప్పల్‌రావుపేట, చంద్రుగొండ లాంటి ఊళ్ళు, వాటి మధ్య లంబాడ తండాలు. ఈ పల్లెల్లోనూ ఒకప్పటి చదువు అంటే ఖాన్గీ బడే, అంటే ప్రైవేటు బడే. ఒక అరుగు, ఒక పంతులు, నేల మీద పరిచిన ఇసక. పంతులుకు జీతం సర్కారు ఇవ్వదు. ఇంటింటికీ ఇంత అని గింజలు, పండగకు బట్టలు, దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని గడపగడపకూ తిరిగితే నాలుగు రూపాయలు. పిల్లల కోసం పప్పు బెల్లాలు.

పంతులు బతుకు పిల్లల తల్లిదండ్రుల చేతుల్లో ఉండేదన్నమాట. కొట్టొద్దని వాళ్ళు అంటే ఆయన కొట్టేవాడు కాదు. వాళ్ళు అలా అనలేదు. పిల్లవాడిని బడిలో వేసిన రోజు తండ్రి పంతులుతో చెప్పే మాట దక్కన్ అంతటా ఉర్దూలో ఒకటి ఉండేది: గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ. మాంసం మీది, ఎముకలు మావి. అంటే బొక్కలు విరగ్గొట్టకుండా ఏమైనా చేసుకోండని. ఆ తండ్రికి కొడుకంటే ప్రేమ లేక కాదు. దెబ్బ పడనిదే అక్షరం రాదని ఆయన గట్టిగా నమ్మాడు, ఆయన తండ్రి కూడా అలాగే నమ్మాడు. ఆ మాటతో దెబ్బకు అనుమతి ఇంట్లోనే దొరికింది. ఈ చరిత్రలో తల్లిదండ్రుల పాత్ర మొదలయ్యేది అక్కడే.

అప్పటి బడి లోపలికి కాస్త దగ్గరగా వెళ్ళి చూద్దాం. బడి ఎగ్గొట్టినవాడు ‘బడిదొంగ’. పంతులు లేచి వెళ్ళడు. నలుగురు పెద్దపిల్లల్ని పంపుతాడు. వాళ్ళు చింతతోపులోనో, చెరువుగట్టు మీదనో వాడిని పట్టుకుని, ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టి, వేలాడేసుకుంటూ ఊరి నడిమధ్య నుంచి మోసుకొస్తారు. వెనక చిన్నపిల్లల కేకలు. అరుగుల మీద కూచున్న పెద్దలు నవ్వుతారు. ఇంటి ముందు నుంచి వెళుతుంటే తల్లి చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది గాని అడ్డుపడదు. బడికి చేరాక కోదండం. తాడు లాగేది కూడా పెద్దపిల్లలే. వాడు ఎందుకు బడికి రాలేదో ఎవరూ అడగరు. బహుశా ముందురోజు ఆ నలుగురిలోనే ఒకడు వాడి బలపం గుంజుకుని ఏడిపించి ఉండొచ్చు.

సర్కారీ బడులు వచ్చాక అరుగు పోయింది, బల్లలు వచ్చాయి. గోడకుర్చీ, తొడపాశం, వేళ్ళ మధ్య పెన్సిల్ పెట్టి నొక్కడం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, చెవులు పట్టించి కోడిలాగా వంగబెట్టడం, ఇవన్నీ వెంట వచ్చాయి. ఇంకొకటి చాలా ఏళ్ళు సాగింది. పంతులు ప్రశ్న అడుగుతాడు. వరుసగా నిలబడ్డ పదిమందికి జవాబు రాదు. పదకొండో పిల్ల చెబుతుంది. అప్పుడు ఆ పిల్ల వచ్చి ఆ పదిమందినీ ఒక్కొక్కరి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే ‘ఇట్ల కాదు, ఇట్ల’ అని పంతులు ఆ పిల్లకే కొట్టి చూపిస్తాడు. ముక్కు పట్టుకున్న వేళ్ళు వణుకుతుంటాయి. ఎదురుగా ఉన్నవాడు పక్కింటి పిల్లవాడే, సాయంత్రం కలిసి ఆడుకునేవాడే. ఇంటికి పోయే దారిలో ఆ చెంపదెబ్బ బాకీ ఎలా తీరేదో పెద్దలు ఎవరూ చూడలేదు. యాభై ఏళ్ళు దాటిన తెలుగువాళ్ళలో చాలామంది దీన్ని నవ్వుతూ చెబుతారు. నవ్వాల్సిన సంగతి కాదిది. తోటివాడిని అవమానించడం చదువులో భాగమేనని పిల్లలకు నేర్పిన పాఠం అది.

నైజాం కాలంలో తెలుగు పిల్లవాడికి ఇంకో బరువు ఉండేది. సర్కారీ బడిలో చదువు ఉర్దూలో. ఇంట్లో విననే వినని భాషలో ప్రశ్న, అర్థం కాక నోరు తెరిస్తే దెబ్బ. ఖాన్గీ బడులకు ముందస్తు అనుమతి కావాలని 1920లలో నిబంధన తెచ్చాక తెలుగు చదువుకు ఉన్న కాస్త చోటు కూడా తగ్గిపోయింది. నిజామాంధ్ర మహాసభల్లో ఆ నిబంధనలు ఎత్తెయ్యాలని తీర్మానాలు చేశారు. 1948 తరవాత ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. అయితే పుస్తకాల తెలుగు ఇంట్లో తెలుగు కాలేదు. పిల్లవాడి యాసను బడిలో వెక్కిరించారు. 1952లో స్థానికులకే ఉద్యోగాలు కావాలన్న ముల్కీ ఆందోళన రాజుకున్నది వరంగల్‌లోనే, అదీ ఉపాధ్యాయ నియామకాల మీదే. ఉద్యోగాల కోసం జరిగిన పోరాటంగానే చరిత్ర దాన్ని చెప్పుకుంటుంది. తరగతిలో నోరు విప్పడానికి సిగ్గుపడ్డ పిల్లల బాధకు ఏ పుస్తకంలోనూ లెక్క లేదు. కవి కాళోజీ నారాయణరావు ఇంటి మాటకు గౌరవం కావాలని జీవితమంతా వాదించింది ఇలాంటి పిల్లల తరఫునే. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇప్పుడు అదే పల్లెల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు మీడియం నుంచి వచ్చినవాడిని ఏడిపిస్తున్నారు. తండా నుంచి వచ్చిన లంబాడ పిల్ల తన బోలీలో చెల్లెలిని పిలిస్తే తరగతి నవ్వుతుంది.

నెక్కొండకు పక్కనే ఉన్న చెన్నారావుపేట మండలం పాపయ్యపేటలో 1952లో పుట్టిన రచయిత కంచ ఐలయ్య, గొర్రెలు కాసే కురుమ కుటుంబం నుంచి బడికి వెళ్ళారు. 1996లో అచ్చయిన తన పుస్తకంలో ఆ బడి గురించి రాశారు. పైకులాల ఉపాధ్యాయులు కొందరు ఇలాంటి పిల్లలకు చదువు చెప్పాల్సి రావడం కలికాలం మహిమ అని మొహానే అనేవారట. ఆయన వాదనలన్నిటినీ అందరూ ఒప్పుకోరు. ఆ పుస్తకం మీద చాలా గొడవలే జరిగాయి. కాని ఈ ఒక్క సంగతిని కాదనడం కష్టం. పంతులు నోట వచ్చిన ఎగతాళి మధ్యాహ్నానికల్లా పిల్లల నోట వస్తుంది. కులం పేరు, రంగు, కుంటి కాలు, తండ్రి చేసే పని, ఏదైనా చాలు. హైదరాబాద్‌లో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ, అంటే దళిత పిల్లలకు వేరుగా బడులు పెట్టాల్సి వచ్చింది కూడా ఇందుకే. ఉన్న బడుల్లో వాళ్ళను కూచోనివ్వలేదు, కూచోనిచ్చినచోట ప్రశాంతంగా ఉండనివ్వలేదు.

బడి ఇంటికి దూరమైన కొద్దీ ఈ సమస్య రూపం మారింది. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పేద పిల్లలకు అన్నం పెట్టి, పుస్తకాలు ఇచ్చి, ఒక్కచోట ఉంచి చదివించాలన్నది ఆలోచన. చాలా మంచి ఆలోచన. సర్వేల్ తరవాత సాంఘిక సంక్షేమ గురుకులాలు, కేంద్రం పెట్టిన నవోదయలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు వచ్చాయి. వేలాది కుటుంబాల తలరాత మార్చాయి. అయితే పగటి బడిలో ఏడిపించినవాడు సాయంత్రం గంట కొడితే వాడింటికి వాడు పోతాడు. హాస్టల్లో వాడు రాత్రి కూడా పక్క మంచం మీదే ఉంటాడు. బకెట్, సబ్బు, ఇంటి నుంచి తెచ్చిన సకినాలు, స్నానానికి వరస, అన్నిటికీ పెద్ద తరగతి పిల్లల దయ కావాలి. వార్డెన్ ఒక్కడు, పిల్లలు వందల్లో. అక్కడ మళ్ళీ పాత వీధిబడి పెద్దపిల్లగాడు బతికి వస్తాడు. ఈసారి తల్లి చెంగు అడ్డం పెట్టుకుని చూసే దూరంలో కూడా ఉండదు.

ఇక చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 89వ సెక్షన్ ప్రకారం పన్నెండేళ్ళలోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు గాని, వాళ్ళ సమ్మతితో ఇంకొకరు గాని చేసిన పని నేరం కాదు. కొట్టిన ఉపాధ్యాయుల తరఫున చాలాకాలం ఈ సెక్షన్‌నే అడ్డం పెట్టారు. గోష్త్ ఆప్‌కా అన్న తండ్రి మాటకు చట్టం రాసిచ్చిన రూపంలా ఉంటుంది అది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా 27వ సెక్షన్‌గా అలాగే ఉంది. అయితే బడి వరకు మాత్రం దారి మూసుకుపోయింది. 2000 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు బడిలో దెబ్బలు రాజ్యాంగానికి విరుద్ధమంది. 2002 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 16వ నంబరు జీవోతో విద్యా నిబంధనలు మార్చి బడిలో కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది.

జీవో వచ్చాక బెత్తం మాయమైందా? ‘యంగ్ లైవ్స్’ అనే పరిశోధన 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చింది. వరంగల్ అందులో లేదు గాని పక్కనున్న కరీంనగర్ ఉంది. జీవో వచ్చిన ఏడేళ్ళ తరవాత ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని అడిగితే, గడిచిన వారంలో ఉపాధ్యాయుడు ఎవరినో ఒకరిని కొట్టడం చూశామని పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చెప్పారు. జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలతో మాట్లాడితే, బడిలో ఏ శిక్షా పడలేదని చెప్పినవాళ్ళు తొమ్మిదిమందే. ఆ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు మన తెలుగావిడే, శాంతా సిన్హా. అంతకు ముందు ఎం.వి. ఫౌండేషన్ తరఫున రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చిన మనిషి. పన్నెండేళ్ళ పిల్లవాడిని తెచ్చి ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూచోబెడితే ఆ నవ్వులకే వాడు పారిపోతాడు. అందుకే వాళ్ళు ముందు శిబిరాల్లో చదువు చెప్పి, తరవాత ఈడుకు తగ్గ తరగతిలో చేర్పించారు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెప్పేది కూడా ఇదే పద్ధతి.

గమనిస్తే ఈ చట్టాలన్నీ ఉపాధ్యాయుడి చేతిలోని బెత్తం గురించే. పిల్లవాడి చేతిలోని బెత్తం గురించి తెలుగు నేల మీద వచ్చిన గట్టి చట్టం ఒక్కటే, 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం. అందులో తోటి విద్యార్థిని ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు, ఆత్మహత్యకు పురికొల్పితే యావజ్జీవం దాకా శిక్ష. హాస్టళ్ళు కూడా దాని కిందికి వస్తాయి. జనం మనసులో మాత్రం అది ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల చట్టంగానే ఉండిపోయింది. ఆరో తరగతి పిల్లవాడి మీద పోలీసు కేసు పెట్టాలని కోరేవాళ్ళూ ఉండరు, ఉండకూడదు కూడా. కాబట్టి ఇక్కడ చట్టం కంటే ఇల్లు, బడి కలిసి చేయాల్సిన పనే ఎక్కువ.

కలిసి చేస్తే ఫలితం ఉంటుందని చూపించింది నార్వే. 1982 చివర్లో ఆ దేశపు ఉత్తరాన ముగ్గురు మగపిల్లలు తోటివాళ్ళ వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నారు. దేశం కదిలింది. డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983 నుంచి బెర్గెన్ ఊళ్ళో సుమారు 2,500 మంది పిల్లల మధ్య ఒక కార్యక్రమం నడిపాడు. ఆటస్థలంలో పెద్దల కాపలా, తరగతిలో పిల్లలే ఒప్పుకున్న నియమాలు, ఏడిపించినవాడితోనూ ఏడ్చినవాడితోనూ వేరువేరుగా మాటలు, ఇద్దరి తల్లిదండ్రులతో సమావేశాలు. చేసింది ఇంతే. రెండేళ్ళలో వేధింపులు దాదాపు సగానికి తగ్గాయి. ఇందులో డబ్బుతో కొనాల్సింది ఏమీ లేదు. నెక్కొండ మండలంలో ఏ బడి అయినా చేయగలిగిందే.

మరి తల్లిదండ్రుల వంతు ఏమిటి? ముందు ఇంట్లో. పిల్లల్ని కొట్టొద్దని తెలుగులో బాహాటంగా చెప్పినవాడు రచయిత చలం. బడుల తనిఖీ అధికారిగా ఉద్యోగం చేసి, ఎన్నో తరగతి గదులు కళ్ళారా చూసి, ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. పిల్లల్ని కొట్టే హక్కు కన్నవాళ్ళకు కూడా లేదన్నది అందులోని వాదన. స్వీడన్ 1979లో ఆ మాటనే చట్టం చేసింది. ఇంట్లో దెబ్బలు తినే పిల్లవాడు రెండు దారుల్లో ఒకటి పడతాడు. బడిలో తనకంటే చిన్నవాడిని కొడతాడు, లేదా ఎవరు కొట్టినా కిక్కురుమనకుండా పడతాడు. బలం ఉన్నవాడిదే న్యాయమని వాడు ఇంట్లోనే నేర్చుకున్నాడు.

రెండోది, గమనింపు. ఏడిపిస్తున్నారని పిల్లలు నోరు తెరిచి చెప్పడం అరుదు. సోమవారం పొద్దున కడుపునొప్పి, ఆదివారం ఉండదు. పెన్ను పోయిందంటాడు, టిఫిన్ డబ్బా పోయిందంటాడు, వారానికోసారి ఏదో ఒకటి పోతుంది. రోజూ పోయే దారి మానేసి చుట్టు తిరిగి వస్తాడు. ఆటో వెనక సీట్లో కూచోనంటాడు. ఉన్నట్టుండి ఒంటికి ఆనుకుని పడుకుంటాడు. ఇలాంటప్పుడు ‘ఏమైంది చెప్పు’ అని నిలదీస్తే పిల్లలు ముడుచుకుపోతారు. ‘మీ తరగతిల ఎవలన్న ఎవలనన్న సతాయిస్తరా? అప్పుడు సార్ ఏమంటడు?’ అని మూడో మనిషి ముచ్చటలా అడిగితే రెండు రోజులకైనా సంగతి బయటపడుతుంది.

చెప్పాక తండ్రులు సాధారణంగా రెండు మాటలు అంటారు. ఒకటి, ‘నువ్వు గూడ కొట్టు.’ రెండు, ‘గంత దానికే ఏడుస్తరా, మొగపిల్లగానివి.’ మొదటి మాట బలహీనుడిని ఇంకా పెద్ద దెబ్బకు పంపుతుంది. రెండోది ఇంకెప్పుడూ చెప్పకుండా నోరు మూయిస్తుంది. ఇంకా తప్పు ఏమిటంటే, ఏడిపించిన పిల్లవాడి ఇంటి మీదికి పోయి గొడవ పెట్టుకోవడం. ఊళ్ళో అది పిల్లల సంగతి కాకుండా పోయి కులాల మధ్య, పార్టీల మధ్య పంచాయితీ అవుతుంది. ఆ తరవాత బడిలో ఆ బిడ్డ ఇంకా ఒంటరి అవుతాడు. పిల్లవాడు చెప్పింది పూర్తిగా వినాలి. ‘నీ తప్పు లేదు, చెప్పి మంచి పని చేసినవు’ అనాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు చూస్తుండగా జరిగిందో తేదీ వేసి రాసుకోవాలి. క్లాస్ టీచర్‌తో మాట్లాడి, పది రోజుల్లో మార్పు లేకపోతే హెడ్‌మాస్టర్‌కు కాగితం మీద ఇవ్వాలి. నోటిమాట మర్చిపోతారు, కాగితం ఫైల్లో ఉంటుంది. అక్కడా కదలిక లేకపోతే విద్యాశాఖ అధికారులకు రాయాలి, ప్రాణభయం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. ఆ ఫోనుకు డబ్బులు పడవు, పిల్లలే నేరుగా చేయొచ్చు.

మన పిల్లవాడే ఏడిపించేవాడైతే? ఆ కబురు తెచ్చిన పంతులు మీద విరుచుకుపడే తల్లిదండ్రులే ఎక్కువ. లేదా ఇంటికి తీసుకుపోయి బెల్టుతో కొడతారు. రెండూ వాడిని మార్చవు. ఎవరిని, ఎందుకు, ఎవరి మెప్పు కోసం చేశాడో వాడి నోటనే చెప్పించాలి. గుంజుకున్నది వాడి చేత్తోనే తిరిగి ఇప్పించాలి. కొన్నాళ్ళు వాడి ఫోన్ మీద, స్నేహాల మీద కన్నేయాలి. చిన్నపిల్లలకు సాయం చేసే పని ఏదైనా అప్పజెప్పాలి. పెద్దపిల్లగాడి అధికారం మంచికి కూడా వాడొచ్చు; ఆండ్రూ బెల్ మన వీధిబడుల్లో చూసి మురిసింది ఒకరికొకరు నేర్పుకోవడాన్నే గదా.

ఇక బడి లోపల తల్లిదండ్రుల స్థానం గురించి. పాతకాలపు తండ్రి పంతులుకు బిడ్డను అప్పగించి వెళ్ళిపోయేవాడు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఆయన్ని వెనక్కి పిలిచింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి అంది. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల వాళ్ళు, తల్లులు వాటిని నడుపుతున్నారు. ఇప్పటిదాకా ఈ కమిటీల మాటలన్నీ మరుగుదొడ్ల చుట్టూ, కరెంటు, రంగులు, ప్రహరీల చుట్టూ తిరిగాయి. అవన్నీ కావాల్సినవే. వాటితో పాటు మధ్యాహ్నం అన్నం బెల్లుకు, ఇంటి బెల్లుకు మధ్య పిల్లల్ని చూసేదెవరు, మరుగుదొడ్ల వెనక ఏం జరుగుతోంది, బస్సులో పెద్దపిల్లలు చిన్నవాళ్ళను ఎలా కూచోబెడుతున్నారు అని అడిగే హక్కు కూడా ఆ కమిటీకే ఉంది. అడిగిన దాఖలాలు తక్కువ.

హాస్టల్లో బిడ్డ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. కలవనిచ్చే ఆదివారం నాడు గేటు దగ్గర సంచి ఇచ్చి, మార్కులు అడిగి బస్సు ఎక్కేయకండి. బిడ్డతో పాటు పక్క మంచం పిల్లల్ని కూడా పిలిచి, తెచ్చిన అప్పాలు అందరికీ పంచి, వాళ్ళ పేర్లు, ఊళ్ళు తెలుసుకోండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడకుండా దూరంగా నిలబడ్డారో చూడండి. రాత్రి డార్మిటరీలో కాపలా ఎవరో వార్డెన్‌ను అడిగి తెలుసుకోండి. అన్నం తిన్నవా, చదువుకుంటున్నవా అని అడిగిన తరవాత, నిన్ను ఎవలన్న భయపెడుతున్నరా బిడ్డా అని కూడా అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే కూచోండి.